స్పామ్ నిరోధక చట్టాలు – ఎలక్ట్రానిక్ మార్కెటింగ్ (ఉత్తర తెలంగాణ సందర్భంలో)

గ్రహీత కోరకుండా, సమ్మతి తీసుకోకుండా పెద్ద సంఖ్యలో పంపే వాణిజ్య సందేశాలను, కాల్స్‌ను అదుపు చేసే చట్టాలు, నిబంధనలు, సాంకేతిక ఏర్పాట్లను కలిపి స్పామ్ నిరోధక చట్టాలు అంటారు. భారతదేశంలో ఈ అంశానికి ఒకే సమగ్ర చట్టం లేదు. ఎస్సెమ్మెస్‌లు, వాయిస్ కాల్స్ భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ (ట్రాయ్) నిబంధనల కిందికి వస్తాయి. వ్యక్తిగత డేటా వాడకాన్ని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ఆన్‌లైన్ అమ్మకాల తీరును వినియోగదారుల రక్షణ చట్టం నియంత్రిస్తాయి. ఈ-మెయిల్ స్పామ్‌ను నేరుగా నిషేధించే నిబంధన ఇప్పుడు అమలులో లేదు. దీంతో టెలికాం ఆపరేటర్ల చేతుల మీదుగా వెళ్లే ప్రచారంపై నియంత్రణ కట్టుదిట్టంగా ఉండగా, ఇంటర్నెట్ వేదికల మీది ప్రచారంపై వదులుగా ఉంది. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లోని చిన్న వ్యాపారాలపై ఈ చట్టాల ప్రభావాన్ని నిర్ణయించేది కూడా ఈ వ్యత్యాసమే.

1. నిర్వచనం, పరిధి

ట్రాయ్ 2018 నిబంధనావళి స్పామ్‌ను ‘అవాంఛిత వాణిజ్య సమాచారం’గా నిర్వచించింది. చందాదారు ఇచ్చిన సమ్మతికి గానీ, నమోదు చేసుకున్న ప్రాధాన్యాలకు గానీ అనుగుణంగా లేని వాణిజ్య సందేశం లేదా కాల్ దీని కిందికి వస్తుంది. లావాదేవీ సందేశాలు, సేవా సందేశాలు, ప్రభుత్వ సందేశాలు ఇందులోకి రావు.

సందేశంలోని విషయం నిజమా అబద్ధమా అన్నది ఈ నిర్వచనానికి ముఖ్యం కాదు. అసలైన దుకాణం అసలైన తగ్గింపు ధరల గురించి పంపిన సందేశమైనా, గ్రహీత సమ్మతి గానీ ప్రాధాన్యం గానీ లేకపోతే స్పామే. బ్యాంకు పేరు పెట్టుకుని ఖాతా వివరాలు రాబట్టే సందేశం స్పామ్ మాత్రమే కాదు, నేరం కూడా. మొదటిదాన్ని నియంత్రణ సంస్థలు, రెండోదాన్ని పోలీసులు, న్యాయస్థానాలు చూస్తాయి. (చూడండి: 8. ఫిర్యాదు విధానం)

2. చరిత్ర

*2.1 ప్రపంచ నేపథ్యం*

1978 మే 3న అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ మార్కెటింగ్ ఉద్యోగి గ్యారీ థ్యూర్క్ తమ కంప్యూటర్ల ప్రదర్శనకు ఆహ్వానిస్తూ ఆర్పానెట్ కంప్యూటర్ నెట్‌వర్క్‌లో సుమారు 400 మందికి ఒకేసారి సందేశం పంపారు. తొలి స్పామ్ ఈ-మెయిల్‌గా దీన్నే పేర్కొంటారు. 1994 ఏప్రిల్‌లో అరిజోనాకు చెందిన ఇద్దరు న్యాయవాదులు గ్రీన్‌కార్డు లాటరీ సేవల ప్రకటనను వేలాది యూజ్‌నెట్ చర్చా సమూహాల్లో పెట్టడంతో వాణిజ్య స్పామ్ బహిరంగ వివాదంగా మారింది.

చట్టాల అవసరం వెనుక ఒక ఆర్థిక కారణం ఉంది. కరపత్రం పంచాలంటే కాగితానికి, ముద్రణకు, కూలికి ఒక్కో ప్రతిపైనా ఖర్చవుతుంది. ఎలక్ట్రానిక్ సందేశంలో అదనపు గ్రహీతకు అయ్యే ఖర్చు దాదాపు శూన్యం. నిల్వ, సమయం, విసుగు రూపంలో ఆ భారం గ్రహీతపైన, నెట్‌వర్క్‌పైన పడుతుంది. ఈ అసమతౌల్యాన్ని మార్కెట్ తనంతట తాను సరిదిద్దలేకపోవడంతో 2002 నుంచి ఐరోపా సమాఖ్య, అమెరికా, ఆస్ట్రేలియా వరుసగా చట్టాలు చేశాయి. (చూడండి: 6. విదేశీ చట్టాలు)

*2.2 భారతదేశంలో: 2007–2017*

మొబైల్ వాడకం పెరిగేకొద్దీ రుణాలు, క్రెడిట్ కార్డులు, స్థలాల అమ్మకాల కోసం వచ్చే కాల్స్ పెద్ద సమస్యగా తయారయ్యాయి. ట్రాయ్ 2007లో తొలి నిబంధనలు జారీ చేసి, జాతీయ ‘డు నాట్ కాల్’ రిజిస్టర్ ఏర్పాటు చేసింది. అందులో నంబరు నమోదు చేసుకున్నవారికి మాత్రమే రక్షణ ఉండేది.

2010 డిసెంబరు 1న వచ్చిన కొత్త నిబంధనావళి 2011 సెప్టెంబరు 27 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. వినియోగదారు 1909 నంబరు ద్వారా అన్ని ప్రచార సందేశాలనూ ఆపేయడానికి, లేదా బ్యాంకింగ్, స్థిరాస్తి, విద్య, ఆరోగ్యం వంటి ఏడు రంగాల్లో కావలసినవి మాత్రమే ఎంచుకోవడానికి వీలు కలిగింది. టెలిమార్కెటర్లకు 140తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు. రాత్రి 9 నుంచి ఉదయం 9 వరకు వాణిజ్య సందేశాలను నిషేధించారు. ఒక సిమ్ నుంచి రోజుకు 100 ఎస్సెమ్మెస్‌లు మించరాదన్న పరిమితి కూడా 2011లోనే వచ్చింది, కొద్ది వారాలకే దాన్ని 200కు పెంచారు. వ్యక్తిగత సందేశాలపై ఈ పరిమితి చెల్లదని 2012లో ఢిల్లీ హైకోర్టు తీర్పునిచ్చింది.

*2.3 66ఏ సెక్షన్, దాని రద్దు*

2000 నాటి సమాచార సాంకేతిక చట్టానికి 2008లో చేసిన సవరణ 2009 అక్టోబరు 27న అమల్లోకి వచ్చింది. ఆ సవరణతో చేరిన 66ఏ సెక్షన్‌లోని (సి) క్లాజు, చికాకు లేదా అసౌకర్యం కలిగించడానికి గానీ, సందేశం ఎక్కడి నుంచి వచ్చిందనే విషయంలో గ్రహీతను తప్పుదారి పట్టించడానికి గానీ పంపే ఈ-మెయిల్‌ను నేరంగా పరిగణించింది. దేశంలో ఈ-మెయిల్ స్పామ్‌కు అతి దగ్గరగా వచ్చిన చట్ట నిబంధన ఇదే. భావ ప్రకటన స్వేచ్ఛకు భంగకరమంటూ 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 66ఏ సెక్షన్ మొత్తాన్ని కొట్టివేసింది. దానితోపాటే ఈ-మెయిల్ క్లాజు కూడా పోయింది. దాని స్థానంలో మరో నిబంధన రాలేదు.

*2.4 2018 నిబంధనావళి, తర్వాతి పరిణామాలు*

2018 జులై 19న ట్రాయ్ మరో నిబంధనావళి జారీ చేసింది. సందేశం పంపే సంస్థల వివరాలు, సందేశాల నమూనాలు, వినియోగదారుల సమ్మతి అన్నీ బ్లాక్‌చెయిన్ తరహా ‘డిస్ట్రిబ్యూటెడ్ లెడ్జర్’ (డీఎల్‌టీ) వేదికల మీద నమోదు కావాలన్నది దీని ముఖ్యాంశం. అమలు మాత్రం నెమ్మదిగా సాగింది. తమ పేరుతో వస్తున్న మోసపు సందేశాలను ఆపరేటర్లు అరికట్టడం లేదని పేటీఎం మాతృసంస్థ వేసిన కేసులో, నిబంధనలను పూర్తిగా, కచ్చితంగా అమలు చేయించాలని ఢిల్లీ హైకోర్టు 2021 ఫిబ్రవరిలో ట్రాయ్‌ను ఆదేశించింది. 2021 మార్చి 8న నమూనాల సరిపోలిక మొదలవగానే దేశమంతటా బ్యాంకు ఓటీపీలు, చెల్లింపుల ధ్రువీకరణలు ఆగిపోయాయి. చాలా సంస్థలు నమూనాలను సరిగా నమోదు చేసుకోకపోవడమే దీనికి కారణం. దాంతో ట్రాయ్ ఈ ప్రక్రియను వారం రోజులు నిలిపివేసింది.

నమోదు కాని టెలిమార్కెటర్ల టెలికాం కనెక్షన్లన్నీ తొలగించి, 2 సంవత్సరాల వరకు బ్లాక్‌లిస్టులో పెట్టాలని 2024 ఆగస్టు 13న ట్రాయ్ ఆదేశించింది. ముందస్తు ఆమోదం లేని వెబ్ లింకులున్న సందేశాల నిలిపివేత అదే ఏడాది అక్టోబరు 1 నుంచి మొదలైంది. 2025 ఫిబ్రవరి 12న నిబంధనావళిని మళ్లీ సవరించారు.

3. సందేశాల రకాలు

భారత టెలికాం నిబంధనల్లో ఒక సందేశానికి వర్తించే షరతులు అది ఏ వర్గానికి చెందుతుందన్న దానిపై ఆధారపడతాయి.

- ప్రచార సందేశం: వస్తువు, సేవ, వ్యాపారం గురించిన ప్రకటన. గ్రహీత ప్రాధాన్యానికి లేదా స్పష్టమైన సమ్మతికి లోబడి మాత్రమే పంపాలి.
- సేవా సందేశం: ఇప్పటికే ఉన్న వినియోగదారుకు ఖాతా, సర్వీసింగ్, డెలివరీ వంటి విషయాలపై పంపేది.
- లావాదేవీ సందేశం: వినియోగదారు చేసిన లావాదేవీ వల్ల పుట్టేది. 2018 నిబంధనావళి ప్రకారం లావాదేవీ జరిగిన 30 నిమిషాల లోపు వెళ్లాలి.
- ప్రభుత్వ సందేశం: ప్రభుత్వం గానీ, ప్రభుత్వ ఆదేశంపై ఇతర సంస్థలు గానీ పంపేది.

2025 సవరణతో ఈ నాలుగు రకాలను చూడగానే గుర్తుపట్టేందుకు పంపినవారి పేరు చివర వరుసగా పి, ఎస్, టి, జి అనే ఆంగ్ల అక్షరాలు కనిపించాలి. సేవా సందేశంలో ప్రచారాన్ని కలిపితే అది ప్రచార సందేశంగానే లెక్కలోకి వస్తుంది. వాయిస్ కాల్స్‌లో ప్రచారానికి 140 వరుస, సేవలకు, లావాదేవీలకు 1600 వరుస నంబర్లు ఉన్నాయి. సాధారణ 10 అంకెల నంబరును టెలిమార్కెటింగ్‌కు వాడరాదు.

వినియోగదారు ప్రాధాన్యాలు ఇప్పుడు ఎనిమిది రంగాల్లో ఉన్నాయి: బ్యాంకింగ్–బీమా–ఆర్థిక సేవలు, స్థిరాస్తి, విద్య, ఆరోగ్యం, వినియోగ వస్తువులు–వాహనాలు, సమాచార–వినోద–ఐటీ సేవలు, పర్యాటకం, ఆహారం–పానీయాలు. రంగంతో పాటు ఏ రోజుల్లో, ఏ సమయంలో పంపవచ్చో కూడా ఎంచుకోవచ్చు.

4. పనిచేసే తీరు

*4.1 నమోదు*

వ్యాపార సంస్థ మొదట ఏదైనా టెలికాం ఆపరేటర్ డీఎల్‌టీ వేదికలో ‘ప్రధాన సంస్థ’గా నమోదు కావాలి. ఆ తర్వాత మూడు అంశాలకు ఆమోదం పొందాలి. మొదటిది హెడర్, అంటే గ్రహీత ఫోన్‌లో నంబరు స్థానంలో కనిపించే గుర్తింపు. రెండోది టెంప్లేట్, అంటే సందేశ పాఠం నమూనా. ఇందులో మారని భాగాన్ని యథాతథంగా, పేరు, మొత్తం, తేదీ వంటి మారే భాగాలను ఖాళీలుగా చూపాలి. మూడోది సమ్మతి నమూనా. సందేశాలను చేరవేసే బల్క్ ఎస్సెమ్మెస్ సంస్థ టెలిమార్కెటర్‌గా విడిగా నమోదై ఉండాలి. పంపిన సంస్థ నుంచి ఆపరేటర్ వరకు మధ్యలో ఎవరెవరున్నారో ఆ గొలుసు మొత్తం వేదికలో నమోదై ఉండాలన్న నియమం 2024 డిసెంబరులో అమలుకు వచ్చింది.

హెడర్ ముందు వచ్చే రెండు అక్షరాల్లో మొదటిది ఆపరేటర్‌ను, రెండోది టెలికాం సర్కిల్‌ను తెలుపుతాయి. టెలికాం లైసెన్సుల పరంగా తెలంగాణ ఇప్పటికీ ‘ఆంధ్రప్రదేశ్’ సర్కిల్‌లో భాగం. కరీంనగర్‌లోని సంస్థకైనా విజయవాడలోని సంస్థకైనా ఇదే సర్కిల్ వర్తిస్తుంది.

*4.2 వడపోత*

పంపిన ప్రతి సందేశం గ్రహీతను చేరేలోపు ‘స్క్రబ్బింగ్’ దశను దాటాలి. హెడర్ ఆ సంస్థదేనా, పాఠం నమూనాతో సరిపోతోందా, అందులోని లింకు, ఫోన్ నంబరు ఆమోదం పొందినవేనా, గ్రహీత ఆ రంగం సందేశాలను ఆపేశారా, ఆపేసి ఉంటే ప్రత్యేక సమ్మతి ఉందా అన్నవి కంప్యూటర్ సరిచూస్తుంది. ఏ ఒక్కటి తప్పినా సందేశం ఆగిపోతుంది. తప్పు జరిగాక శిక్షించడం కన్నా, జరగకముందే నెట్‌వర్క్ స్థాయిలో ఆపడం ఈ విధానం లక్ష్యం.

*4.3 సమ్మతి, దాని ఉపసంహరణ*

కాగితం దరఖాస్తుపై సంతకం ఉందని చూపే పాత పద్ధతికి బదులు, డిజిటల్ రూపంలో సమ్మతి సేకరించి నమోదు చేసే వ్యవస్థను సిద్ధం చేయాలని ట్రాయ్ 2023 జూన్‌లో ఆపరేటర్లను ఆదేశించింది. సమ్మతి అభ్యర్థనలు 127తో మొదలయ్యే సంక్షిప్త నంబరు నుంచి వెళ్తాయి. 2025 సవరణ ప్రకారం ప్రతి ప్రచార సందేశంలోనూ ఇక వద్దని చెప్పే మార్గం ఉండాలి. వద్దన్న వినియోగదారును 90 రోజుల వరకు మళ్లీ సమ్మతి అడగరాదు. ఒక విచారణ లేదా లావాదేవీ సందర్భంగా లభించే సమ్మతికి 7 రోజుల గడువే ఉంటుంది.

*4.4 చర్యలు, జరిమానాలు*

నమోదు కాని టెలిమార్కెటర్‌పై 10 రోజుల్లో 5 ఫిర్యాదులు వస్తే చర్య మొదలవుతుంది. 2025కు ముందు 7 రోజుల్లో 10 ఫిర్యాదులు రావాల్సి ఉండేది. తొలి ఉల్లంఘనకు 15 రోజులు ఔట్‌గోయింగ్ సేవల నిలిపివేత, మళ్లీ జరిగితే అన్ని ఆపరేటర్ల వద్ద ఉన్న కనెక్షన్లన్నిటినీ ఏడాదిపాటు తొలగించి బ్లాక్‌లిస్టులో చేర్చడం శిక్షలు. స్పామ్ లెక్కలను తప్పుగా నివేదించిన ఆపరేటర్లపై తొలిసారి రూ. 2 లక్షలు, రెండోసారి రూ. 5 లక్షలు, ఆపైన ప్రతిసారీ రూ. 10 లక్షలు విధించవచ్చు.

2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టంలోని 28వ సెక్షన్, ప్రకటన సందేశాలకు ముందస్తు సమ్మతి, డు నాట్ డిస్టర్బ్ (డీఎన్‌డీ) రిజిస్టర్ల నిర్వహణ, ఫిర్యాదుల యంత్రాంగం వంటి చర్యలకు పార్లమెంటు చట్టం స్థాయిలో ఆధారం కల్పించింది.

5. అనుబంధ చట్టాలు

*5.1 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023*

ఈ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతల అమలుకు అప్పటి నుంచి 18 నెలల గడువు ఇచ్చారు. ఫోన్ నంబరు, ఈ-మెయిల్ చిరునామా కూడా వ్యక్తిగత డేటాయే. దాన్ని ప్రచారానికి వాడాలంటే సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి, షరతుల్లేకుండా, సందిగ్ధతకు తావు లేకుండా ఇచ్చినదై ఉండాలి. ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలి. డేటా ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసును ఇంగ్లిషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే అవకాశం కల్పించాలి. తెలుగు ఆ భాషల్లో ఒకటి. చట్టం అమలుకు ముందే సేకరించిన వినియోగదారుల జాబితాలకూ వీలైనంత త్వరగా నోటీసు ఇవ్వాలి. 18 ఏళ్ల లోపు పిల్లలను లక్ష్యంగా చేసుకున్న ప్రకటనలు నిషిద్ధం. డేటా భద్రతలో వైఫల్యానికి గరిష్ఠ జరిమానా రూ. 250 కోట్లు.

*5.2 వినియోగదారుల రక్షణ*

2019 చట్టం కింద 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం కొనుగోలుకు సమ్మతి స్పష్టమైన చర్య ద్వారా రావాలి. ముందే టిక్ పెట్టి ఉంచిన గడులు చెల్లవు. ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో రసీదు, నెలలోపు పరిష్కారం ఇవ్వాలి. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాలు వినియోగదారును తప్పుదారి పట్టించే 13 రకాల ‘డార్క్ ప్యాటర్న్‌’లను గుర్తించాయి. పదేపదే అడిగి విసిగించడం, చందా నుంచి బయటపడనీయకపోవడం వాటిలో ఉన్నాయి. అవాంఛిత వ్యాపార సమాచారంపై ప్రత్యేక మార్గదర్శకాల ముసాయిదాను 2024 జూన్‌లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ప్రజాభిప్రాయానికి పెట్టింది.

*5.3 సమాచార సాంకేతిక చట్టం*

66ఏ రద్దయినా, మరొకరి గుర్తింపును దొంగిలించడంపై 66సి, కంప్యూటర్ సాధనాలతో వేషధారణ చేసి మోసగించడంపై 66డి సెక్షన్లు కొనసాగుతున్నాయి. రెండింటికీ 3 ఏళ్ల వరకు జైలు, రూ. లక్ష వరకు జరిమానా ఉంటాయి. అంతకుముందే 2005లో నాస్కామ్ వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు ఫిషింగ్‌ను, అంటే మరో సంస్థ పేరు పెట్టుకుని వివరాలు రాబట్టడాన్ని, చట్టవిరుద్ధ చర్యగా గుర్తించింది.

6. విదేశీ చట్టాలు

స్పామ్ చట్టాలు ప్రధానంగా రెండు పద్ధతుల్లో ఉన్నాయి. వద్దనే వరకు పంపనిచ్చే పద్ధతి ఒకటి, సమ్మతి ఉంటేనే పంపనిచ్చే పద్ధతి మరొకటి.

అమెరికా 2003 డిసెంబరులో చేసిన క్యాన్-స్పామ్ చట్టం మొదటి కోవలోది. ఇది 2004 జనవరి 1న అమల్లోకి వచ్చింది. పంపినవారి వివరాలు, విషయ శీర్షిక తప్పుదారి పట్టించేవిగా ఉండరాదు. అసలు తపాలా చిరునామా ఇవ్వాలి. వద్దన్న వారికి 10 పనిదినాల్లో పంపడం ఆపాలి. ఐరోపా సమాఖ్య 2002 నాటి ఈ-ప్రైవసీ ఆదేశం ముందస్తు సమ్మతిని కోరుతుంది, పాత కొనుగోలుదారులకు అదే తరహా వస్తువుల గురించి పంపడానికి పరిమిత మినహాయింపు ఇస్తుంది. 2018 మే 25 నుంచి అమలైన సమాఖ్య డేటా రక్షణ నిబంధనావళి (జీడీపీఆర్) సమ్మతి ప్రమాణాలను పెంచింది. కెనడా స్పామ్ నిరోధక చట్టం 2014 జులై 1న అమల్లోకి వచ్చింది. సమ్మతి తప్పనిసరి, సంస్థలకు ఒక్కో ఉల్లంఘనకు జరిమానా కోటి కెనడా డాలర్ల వరకు ఉండవచ్చు. ఆస్ట్రేలియా 2003 స్పామ్ చట్టం ప్రకారం వద్దన్న అభ్యర్థనను 5 పనిదినాల్లో అమలు చేయాలి.

ఈ చట్టాలు పంపినవారి దేశంతోనే ఆగవు. కెనడాలోని కంప్యూటర్‌లో తెరుచుకునే సందేశానికి కెనడా చట్టం, ఐరోపాలో ఉన్నవారికి వస్తువులు అమ్మజూపే సంస్థకు జీడీపీఆర్ వర్తిస్తాయి. ప్రవాస తెలుగువారికి ఈ-మెయిల్ ద్వారా ప్రచారం చేసే తెలంగాణ విక్రేతలకు భారత చట్టంలో లేని బాధ్యతలు ఇలా విదేశీ చట్టాల నుంచి వస్తాయి.

చట్టాలకు తోడు వేదికల నియమాలు కూడా ఉన్నాయి. రోజుకు 5,000కు మించి జీమెయిల్ ఖాతాలకు సందేశాలు పంపేవారు పంపినవారి ధ్రువీకరణ ప్రమాణాలైన ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్‌లను పాటించాలని, ఒక్క నొక్కుతో చందా రద్దు చేసుకునే వీలు కల్పించాలని, స్పామ్ ఫిర్యాదుల రేటు 0.3 శాతానికి చేరకుండా చూసుకోవాలని గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి షరతు పెట్టింది. ఈ-మెయిల్‌పై ప్రత్యేక చట్టం లేని భారతదేశంలో ఆచరణలో ఈ నియమాలే ప్రధాన నియంత్రణగా పనిచేస్తున్నాయి.

7. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో వర్తింపు

*7.1 వ్యాపార నేపథ్యం*

2016 అక్టోబరు 11 పునర్వ్యవస్థీకరణలో పాత కరీంనగర్ జిల్లా నుంచి కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ప్రధానంగా ఏర్పడ్డాయి. పాత ఆదిలాబాద్ నుంచి ఆదిలాబాద్, మంచిర్యాల, నిర్మల్, కుమురంభీం ఆసిఫాబాద్ జిల్లాలు వచ్చాయి. కరీంనగర్ వెండి ఫిలిగ్రీ, నిర్మల్ బొమ్మలు, ఆదిలాబాద్ డోక్రా లోహకళ భౌగోళిక గుర్తింపు పొందిన ఉత్పత్తులు. సిరిసిల్ల మరమగ్గాల వస్త్రాలకు పేరుపొందింది. కరీంనగర్‌లో 2020లో ఐటీ టవర్ ప్రారంభమైంది. దూరప్రాంతాల కొనుగోలుదారులను చేరడానికి ఎలక్ట్రానిక్ ప్రచారంపై ఆధారపడగల వ్యాపారాలివి. వస్త్ర, నగల దుకాణాలు, కళాశాలలు, ఆసుపత్రులు, స్థిరాస్తి సంస్థలు స్థానిక వినియోగదారుల కోసం ఇవే మార్గాలను వాడతాయి.

*7.2 చిన్న వ్యాపారంపై భారం*

బతుకమ్మ, దసరా అమ్మకాల కోసం కరీంనగర్ టవర్ సర్కిల్‌లోని ఒక వస్త్ర దుకాణం పాత కొనుగోలుదారులకు ఎస్సెమ్మెస్ పంపాలనుకుంటే డీఎల్‌టీ నమోదు, హెడర్, టెంప్లేట్, లింకు ఆమోదాలు ముందుగానే పూర్తి చేసుకోవాలి. ఆఫరు పాఠం మారితే టెంప్లేట్‌కు మళ్లీ ఆమోదం కావాలి. ఆమోదం ఆలస్యమైతే పండుగ దాటిపోతుంది. ఈ తతంగం తప్పించుకోవడానికి యజమాని తన సొంత సిమ్ నుంచే అందరికీ పంపితే, 10 రోజుల్లో ఐదుగురు ఫిర్యాదు చేసినా వ్యాపారానికి వాడే ఫోన్ కనెక్షన్ నిలిచిపోవచ్చు. బిల్లు పుస్తకంలో రాసుకున్న నంబరు బిల్లు కోసం ఇచ్చినదే తప్ప ప్రచారానికి సమ్మతి కాదు. డేటా రక్షణ చట్టంలో సమ్మతి నిర్దిష్టమైన ప్రయోజనానికే పరిమితం.

తెలుగులో పంపే సందేశానికి మరో సాంకేతిక పరిమితి ఉంది. ఆంగ్ల అక్షరాల్లో ఒక ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడితే, యూనికోడ్ లిపుల్లో 70 మాత్రమే పడతాయి. గుణింతపు గుర్తు, పొల్లు, సున్న విడివిడిగా లెక్కకు వస్తాయి. ‘కరీంనగర్’ అనే పదానికే 8 స్థానాలు పోతాయి. 70 దాటిన సందేశాన్ని 67 చొప్పున భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగాన్ని ఒక్కో ఎస్సెమ్మెస్‌గా లెక్కిస్తారు. వద్దని చెప్పే మార్గాన్ని సందేశంలోనే చేర్చాల్సి రావడంతో తెలుగు సందేశం ఖర్చు ఇంకా పెరుగుతుంది. తెలుగు మాటలను ఆంగ్ల లిపిలో రాసి పంపడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

*7.3 వాట్సాప్ వైపు మళ్లింపు*

ట్రాయ్ నిబంధనావళి వాట్సాప్, టెలిగ్రామ్ వంటి ఇంటర్నెట్ సందేశ సేవలకు వర్తించదు. వాటికి డీఎల్‌టీ వడపోత గానీ, 1909 ఫిర్యాదుల గడువులు గానీ లేవు. తెలుగు అక్షరాలకు ఎస్సెమ్మెస్ తరహా పరిమితి లేదు, ఫొటోలు పంపవచ్చు. ఈ వెసులుబాట్లతో చిన్న వ్యాపారాలు అటు మొగ్గుతాయి. అక్కడ నియంత్రణ వేదిక చేతిలో ఉంటుంది. వ్యాపార ఖాతాలు గ్రహీత సమ్మతి పొంది ఉండాలని వాట్సాప్ విధానం కోరుతుంది. గ్రహీతలు బ్లాక్ చేయడం, రిపోర్ట్ చేయడం ఎక్కువైతే ఖాతాపై పరిమితులు వస్తాయి. డేటా రక్షణ చట్టం మాత్రం మాధ్యమంతో సంబంధం లేకుండా వర్తిస్తుంది కనుక, అది పూర్తిగా అమలయ్యాక ఎస్సెమ్మెస్‌కూ వాట్సాప్‌కూ మధ్య ఉన్న చట్టపరమైన దూరం కొంత తగ్గుతుంది.

*7.4 గల్ఫ్, విదేశీ ఉద్యోగాల సందేశాలు*

జగిత్యాల, నిర్మల్, సిరిసిల్ల, కరీంనగర్ ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వలసలు ఎక్కువ. ఈ కారణంగా ఇక్కడ ఉద్యోగ ప్రకటనల రూపంలోని స్పామ్‌కు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. 1983 వలసల చట్టం ప్రకారం నమోదైన రిక్రూటింగ్ ఏజెంట్లు మాత్రమే విదేశీ నియామకాలు చేపట్టాలి. నమోదు లేని ఏజెంటు పంపే సందేశం టెలికాం నిబంధనలతో పాటు ఈ చట్టాన్నీ ఉల్లంఘిస్తుంది. ఉద్యోగం పేరుతో కంబోడియాకు తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించిన ఉదంతంపై 2024లో సిరిసిల్లలో కేసు నమోదైంది. విదేశీ నియామకాలకు రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ అధికారిక మార్గంగా పనిచేస్తోంది.

8. ఫిర్యాదు విధానం

అవాంఛిత ప్రచార కాల్స్, ఎస్సెమ్మెస్‌లపై 1909కు ఫోన్ లేదా సందేశం ద్వారా, ట్రాయ్ డీఎన్‌డీ యాప్ ద్వారా, లేదా ఆపరేటర్ యాప్‌లో ఫిర్యాదు చేయవచ్చు. పంపినవారి నంబరు లేదా హెడర్, తేదీ, క్లుప్తంగా విషయం ఉంటే చాలు. 2025 సవరణతో ఫిర్యాదు గడువు 3 రోజుల నుంచి 7 రోజులకు పెరిగింది. నమోదు కాని టెలిమార్కెటర్లపై చర్యకు ఆపరేటర్లకు ఇచ్చిన సమయం 30 రోజుల నుంచి 5 రోజులకు తగ్గింది. వారిపై ఫిర్యాదు చేయడానికి ముందుగా డీఎన్‌డీలో నమోదై ఉండాల్సిన అవసరం కూడా తొలగింది.

మోసానికి యత్నించినట్లు అనుమానం ఉన్న కాల్స్, ఎస్సెమ్మెస్‌లు, వాట్సాప్ సందేశాలను కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథి పోర్టల్‌లో 2024 మార్చిలో ప్రారంభమైన ‘చక్షు’ విభాగంలో తెలపవచ్చు. డబ్బు పోయిన సందర్భంలో జాతీయ సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి వెంటనే ఫోన్ చేయాలి. తెలంగాణలో ఈ నేరాల దర్యాప్తును సైబర్ సెక్యూరిటీ బ్యూరో సమన్వయం చేస్తుంది. స్థానికంగా కరీంనగర్, రామగుండం పోలీస్ కమిషనరేట్లు, ఇతర జిల్లాల పోలీసులు కేసులు నమోదు చేస్తారు. రామగుండం కమిషనరేట్ పరిధిలో పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాలు ఉన్నాయి.

9. ప్రభావం, పరిమితులు

ఈ చట్టాల వల్ల ఎలక్ట్రానిక్ మార్కెటింగ్‌లో వచ్చిన ప్రధాన మార్పు వినియోగదారుల జాబితా విలువకు సంబంధించినది. బయట కొన్న వేల నంబర్ల జాబితా చట్టపరంగా నిరుపయోగం. సమ్మతి రికార్డుతో కూడిన చిన్న జాబితాకు విలువ పెరిగింది. హెడర్, టెంప్లేట్ నమోదు వల్ల సందేశం ఎవరు పంపారో కనిపెట్టడం సులువైంది. బ్యాంకులకు, ఆన్‌లైన్ దుకాణాలకు తమ పేరును ఇతరులు వాడుకోకుండా కొంత రక్షణ దొరికింది. బల్క్ ఎస్సెమ్మెస్ సంస్థలకు నమోదు, నమూనాల తయారీ కూడా ఒక సేవగా మారాయి.

పరిమితులు కూడా ఉన్నాయి. నమోదైన సంస్థలపై నియంత్రణ పెరిగేకొద్దీ స్పామ్ నమోదు లేని 10 అంకెల నంబర్ల వైపు, ఇంటర్నెట్ వేదికల వైపు మళ్లింది. 2024, 2025 చర్యలు మొదటి మళ్లింపును ఉద్దేశించినవి. రెండోది ట్రాయ్ పరిధికి వెలుపలే ఉంది. వేదికలను కూడా ఇదే చట్రంలోకి తేవాలని టెలికాం ఆపరేటర్లు వాదిస్తుండగా, ఇంటర్నెట్ సేవల సంస్థలు దాన్ని వ్యతిరేకిస్తున్నాయి. నమోదు ఖర్చు, ఆమోదాల జాప్యం పెద్ద సంస్థల కన్నా చిన్న వ్యాపారాలపై ఎక్కువ భారం మోపుతాయి. ఈ-మెయిల్ విషయంలో 2015 నుంచి ఉన్న చట్టపరమైన ఖాళీని డేటా రక్షణ చట్టం పరోక్షంగా మాత్రమే పూరిస్తుంది. చిరునామాను సమ్మతి లేకుండా వాడడాన్ని అది ప్రశ్నిస్తుంది గానీ, ఈ-మెయిల్ రూపానికి, శీర్షికకు, చందా రద్దుకు అమెరికా, కెనడా చట్టాల తరహాలో ప్రత్యేక నియమాలు పెట్టలేదు.

సంబంధిత అంశాలు: ఈ-కామర్స్, ఓటీపీ, డార్క్ ప్యాటర్న్‌లు, డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ఫిషింగ్, భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ, సమాచార సాంకేతిక చట్టం, 2000, సైబర్ నేరాలు – తెలంగాణ.